గుమ్మడి పిందె ఎందుకు రాలిపోతుంది?

 

ఆగస్టు 9న మనం కలిసినప్పుడల్లా మన భాష గురించి, ధింసా గురించి, కొత్తల పండుగల గురించి మాట్లాడుకుంటాం. మాట్లాడుకోవాలి కూడా. ఈసారి మాత్రం పెరట్లో గుమ్మడి పాదు గురించి చెబుదామని వచ్చాం. నవ్వకండి. ఆ పాదు దగ్గర మేము పెద్ద తప్పు చేశాం. మీరు చేయకూడదనే ఈ మాటలు.

మూడేళ్ల క్రితం పాడేరు వైపు ఊళ్లో ఒక అవ్వ మా చేతిలో పన్నెండు గింజలు పోసింది. "మా అత్త నాడు ఇచ్చిన విత్తనం, పోగొట్టకండి" అంది. సంఘం ఇంటి వెనక నాలుగు పాదులు పెట్టాం. తీగలు గోడ ఎక్కాయి, పూలు విరగబూశాయి. పిందెలు మాత్రం నిమ్మకాయంత అయ్యేసరికి పసుపురంగుకు తిరిగి రాలిపోయాయి. "ఎవరో పిందెకు వేలు చూపించారు" అన్నారు ఒకరు. ఇంకొకరు కొట్టుకు వెళ్లి పురుగుమందు తెచ్చి, పొద్దున్నే పూల మీద కొట్టేశారు. ఆ వారం పిందెలు ఇంకా ఎక్కువ రాలాయి. చివరకు నాలుగు పాదులకూ కలిపి ఒక్క కాయ నిలిచింది. అదీ లేకపోతే అవ్వ విత్తనం మా చేతుల్లోనే ఆగిపోయేది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే ఆ ఏడు మేమే భుజాలు తడుముకున్నాం.

సంగతి ఇది. గుమ్మడి తీగకు మగపూలు వేరు, ఆడపూలు వేరు. మొదట వారం పది రోజులు మగపూలే వస్తాయి. అవి రాలిపోతే కంగారు పడకండి, వాటి పని అంతే. ఆడపువ్వుకు రేకుల కింద చిన్న కాయ ఉంటుంది. పువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటుంది, ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది. ఆ కాసేపట్లోనే తేనెటీగ మగపువ్వు పుప్పొడి తెచ్చి ఆడపువ్వులో రాల్చాలి. రాల్చకపోతే పిందె పండబారి రాలిపోతుంది. ముసురు రోజుల్లో ఈగలు తిరగవు. పొద్దున్నే మందు కొడితే వచ్చిన ఈగలు కూడా చస్తాయి. మేము చేసింది అదే.

దీనికి మందు అక్కర్లేదు, చెయ్యి చాలు. పొద్దున్న ఆరు, ఏడు గంటల మధ్య అప్పుడే విచ్చుకున్న మగపువ్వు ఒకటి కోయండి. రేకులు తీసేసి, నడుమ ఉన్న కాడను ఆడపువ్వు నడిబొడ్డు మీద మెల్లగా రుద్దండి. ఒక ఆడపువ్వుకు రెండు మగపూలు వాడితే ఇంకా మంచిది. పిందె నిలిచిందో లేదో వారంలో తెలిసిపోతుంది.

మరి తీగంతా ఆకులే, పువ్వే లేదంటారా? యూరియా ఎక్కువ వేసి ఉంటారు, లేదా నీడలో పెట్టి ఉంటారు. గుమ్మడికి రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. పాదులో మాగిన పశువుల ఎరువు వేస్తే చాలు. పట్నంలో అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు డాబా మీద పెద్ద డ్రమ్ములో ఒక్క మొక్కే పెట్టండి. అడుగున చిల్లులు మరవకండి. నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది.

లేత మొక్క ఆకులకు చిల్లులు పడుతున్నాయా? ఎర్రటి చిన్న పెంకుపురుగు పని. పొద్దున్న చలికి అది మందంగా ఉంటుంది. అప్పుడే ఏరి సబ్బునీళ్లలో వేయండి. మంచు తడి ఆరకముందే ఆకుల మీద పొయ్యిబూడిద చల్లండి. మన అవ్వలు చేసే పనే ఇది. పంట అయ్యాక పాదు మట్టి తిరగతవ్వితే, అందులో దాగిన పిల్లపురుగులు ఎండకు, పిట్టలకు పోతాయి.

పెరుగుతున్న కాయ మీద సూదిపోటంత గాటు, అందులోంచి జిగురు కనబడితే పండు ఈగ గుడ్లు పెట్టినట్టే. లోపల పురుగు పడి కాయ కుళ్లుతుంది. అలాంటి కాయను చెత్తలో పారేయకండి, రెండడుగుల లోతున పాతిపెట్టండి. పారేస్తే ఆ పురుగులే ఈగలై మళ్లీ వస్తాయి. మంచి పిందె నిలవగానే కాగితం సంచి గానీ పాత గుడ్డ గానీ వదులుగా కట్టండి. తడి నేల మీద ఉన్న కాయ కింద గడ్డి వేయండి, పెంకుముక్క పెట్టినా చాలు.

ఆకుల మీద తెల్లటి పొడి కనిపిస్తే బూడిద తెగులు. ముదురు ఆకులు తుంచేసి గాలి ఆడనివ్వండి, నీళ్లు మొదట్లోనే పోయండి. ఆకులు ముడతపడి పసుపు, ఆకుపచ్చ మచ్చలతో గిడసబారితే అది వైరస్. దానికి మందు లేదు. పక్క పాదులకు పాకకముందే ఆ మొక్కను పీకేయండి. వేపనూనె చల్లాలనుకున్నా సాయంత్రమే చల్లండి. తేనెటీగను మాత్రం మరవకండి.

ఇక అసలు మాట, విత్తనం. కొట్లో కొన్న హైబ్రిడ్ గింజ దాచి విత్తితే తల్లిలాంటి కాయ రాదు. ప్రతి ఏడూ కొనాలి. అవ్వ గింజ అలాంటిది కాదు, నమ్మకంగా తిరిగి వస్తుంది. కాకపోతే పక్క పెరట్లో ఇంకో రకం తీపి గుమ్మడి ఉంటే, ఈగలు ఆ పుప్పొడి మోసుకొస్తాయి. ఈ ఏటి కాయ మారదు, లోపలి గింజ మారిపోతుంది. అందుకని విత్తనం కోసం ఒక ఆడపువ్వును, ఒక మగపువ్వును ముందురోజు సాయంత్రమే కొసలు దారంతో కట్టేయండి. పొద్దున్న విప్పి చేత్తో కలిపి, ఆడపువ్వును మళ్లీ కట్టండి. ఆ కాయకు గుర్తు పెట్టుకోండి. సొరకాయతో, బూడిద గుమ్మడితో మాత్రం ఇది కలవదు, ఆ భయం అక్కర్లేదు.

తొడిమ ఎండి బెండులా అయ్యాక, గోరు గుచ్చినా దిగనప్పుడు కాయ కోయండి. తొడిమ నాలుగు వేళ్ల పొడవు ఉంచండి, దాన్ని పట్టుకుని మాత్రం మోయకండి. మూడు వారాలు ఆగి గింజలు తీసి కడిగి, నీడలో బాగా ఎండబెట్టి, బూడిద కలిపి సొరకాయ బుర్రలో గానీ సీసాలో గానీ దాచండి.

మాకు మిగిలిన ఆ ఒక్క కాయలో వందకు పైగా గింజలు వచ్చాయి. మరుసటి ఏడు మళ్లీ నాలుగు పాదులే పెట్టాం. పొద్దున్నే లేచి చేత్తో పూలు కలిపాం. పదకొండు కాయలు కాశాయి. ఒకటి అవ్వకు తీసుకెళ్లాం. ఆమె కాయను తిప్పి తిప్పి చూసి, "మా అత్తదే" అంది.

మన పెద్దల మాటలు రాసుకున్న పుస్తకాలు తక్కువ. వాళ్లు మనకు ఇచ్చింది చాలావరకు గింజల్లోనే ఉంది. బయట బల్ల మీద పొట్లాలు ఉన్నాయి, పొట్లానికి ఆరు గింజలు. ఊరికే ఇవ్వడం లేదు, అప్పు ఇస్తున్నాం. వచ్చే జూన్ వానలకు విత్తండి. విత్తిన మరుసటి ఏడు ఆగస్టు 9కి ఒక్కొక్కరు పన్నెండు గింజలు తిరిగి తెండి.