కలివికోడి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



ఆఫ్రికాఖండమున టాంజానియా దేశములో సెరెంగెటి అను జాతీయవనము కలదు. అది 1951లో ఏర్పడినది. దాని వైశాల్యము 14,763 చదరపు కిలోమీటర్లు. అందు విల్డెబీస్టు అను మృగములు పదిలక్షలకు మించి యున్నవి. పచ్చికను, వానను వెదకుకొనుచు అవి యేటేట మందలు కట్టి సాగిపోవును. సింహములు వానికై పొంచియుండును. దేశదేశముల జనులు మోటారుబండ్లలో కూర్చుండి ఆ వింతను తిలకింతురు. దీనికే సఫారీ అని పేరు. ఇది స్వాహిలీ భాషలో ప్రయాణమని యర్థమిచ్చును. మన ముస్లిము సోదరులు పలుకు 'సఫర్' అను మాట దీనికి తోబుట్టువు. రెండింటికిని పుట్టిల్లు అరబ్బీ.

అంత దూరము పోజాలనివారు విచారింప పనిలేదు. సెరెంగెటిలో ఎంత వెదకినను కానరాని ప్రాణి యొకటి మన కడప జిల్లాలోనే కలదు. మైదుకూరునకు తూర్పున కొండలు దాటినచో బద్వేలు, సిద్ధవటము ప్రాంతముల ముండ్లపొదల నేలలు వచ్చును. కలివికోడి నివాసము అదియే. కలివిపొదలలో తిరుగునది గనుక ఆ పేరు వచ్చినదందురు. జానెడు కంటె కొంచెము పెద్దది. ఱొమ్ముపై రెండు పట్టెలు, కన్నులపై తెల్లని గీత. పగలెల్ల పొదలమాటున అణగియుండి రాత్రివేళ సంచరించును.

జెర్డాన్ అను ఆంగ్లవైద్యుడు దీనిని కనుగొనగా, 1848లో శాస్త్రలోకమునకు పరిచయమైనది. 1900 తరువాత ఎవరికిని కనబడక పోవుటచే అంతరించినదనియే పండితులు తలచిరి. ఎనుబది యైదేండ్లకు పైబడిన పిమ్మట, 1986 జనవరిలో, బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారి అన్వేషణలో లంకమల ప్రాంతమున అది మరల దొరకెను. పట్టి యిచ్చినవాడు పట్టా పుచ్చుకొన్న పండితుడు కాడు. పొదల గుట్టెరిగిన స్థానికుడైన వేటగాడు. కాని చిక్కిన ఆ పక్షి బ్రతుకలేదు. చూడవలెనను ఆశకు కూడ మూల్యము కలదని దీనివలన తెలియుచున్నది. 1988లో ప్రభుత్వము దీని బొమ్మతో తపాలబిళ్ళ వెలువరించినది. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది.

కావున ఇచ్చటి సఫారీ వేరు. బండి హోరునకు, దీపపు కాంతికి ఈ పక్షి బెదరును. శాస్త్రజ్ఞులు నేలపై మెత్తని మట్టి పఱచి అడుగుజాడలు చూచిరి. చీకటిలో చెవియొగ్గి కూత వినిరి. చాల యేండ్ల మౌనము తరువాత 2025లో ఆ కూత మరల వినబడినదని పక్షిప్రియులు ప్రకటించిరి. కంటబడకున్నను ఉన్నదని తెలియుటయే ఇచ్చటి దర్శనము.

ఇక లెక్కల సంగతి. పైరు పండని పొదలనేలను మనము బీడనియు, పనికిమాలినదనియు అనుచుందుము. కాని లోకమున ఈ పక్షి మిగిలినది అట్టి నేలయందే. అడవి మిక్కిలి దట్టమైనను దానికి సరిపడదు. పొదలు బొత్తిగా తొలగినను సరిపడదు. కావున మితముగా మేపు గొఱ్ఱెలకాపరి దానికి శత్రువు కాడు. సెరెంగెటినుండి మసాయీ అను పశుపాలకులను 1959లో వెడలించిరి. అట్టి అన్యాయము ఇచ్చట జరుగనక్కఱలేదు. యంత్రములతో పొదలను కూకటివ్రేళ్ళతో పెల్లగించుటయే అసలు ముప్పు. తెలుగుగంగ కాలువ త్రోవనే ఈ పక్షికొఱకు కొంత మార్చిరి. కాలువకు వంగుట సాధ్యమైనప్పుడు మన నాగలికి సాధ్యము కాదా?

ఒక క్రౌంచపక్షి వేదననుండి ఆదికావ్యము పుట్టిన దేశము మనది. చిరిగిన పుస్తకమునకు రెండవ ప్రతి దొరకవచ్చును. కలివికోడికి రెండవ ప్రతి లేదు. మన పిల్లలు దానిని చూడకపోయినను, ఒక రాత్రి దాని కూత వినుటకైనను ఆ పొదలు మిగులుగాక!