వెల్డింగ్ హెల్మెట్ అదనపు ఖర్చు కాదు
(వార్షిక మహాసభలో జీవనోపాధుల ఉపసంఘం తరపున చేసిన ప్రసంగం)



మన సభ్యుల్లో కొందరు వెల్డింగ్ శిక్షణకు వెళ్లొచ్చి చిన్న ఇన్వర్టర్ మిషను కొనుక్కున్నారు. తీరిక వేళల్లో పూలకుండీల స్టాండ్లు, కోళ్ల గూళ్ల తలుపులు, విరిగిన మంచం కోళ్లు చేసుకుంటున్నారు. రోజంతా చేసే పని కాదు. వారానికి ఒకటి రెండు పూటలు, అదీ ఇష్టంతో చేస్తున్న పని. అలాంటివాళ్లు ఎలాంటి హెల్మెట్ కొనుక్కోవాలో చెప్పడానికి ఇక్కడ నిలబడ్డాం.

ముందు మా తప్పు చెప్పుకోవాలి. ఒక సభ్యురాలు అప్పు దరఖాస్తులో మిషను, కేబుళ్లు, రాడ్లు, గ్రైండరు, చివరన ఆటో హెల్మెట్ అని రాసింది. "మిషనుతో పాటు చేతి మాస్కు ఇస్తారు కదా, ఇది అదనపు ఖర్చు" అని ఆ చివరి వరుస మేమే కొట్టేశాం. కింద సంతకాలు కూడా మావే.

నెల తిరక్కుండానే ఒకరోజు ఆమె స్టాండ్లకు టాకులు వేసింది. ఒక చేత్తో రాడ్డు పట్టుకుని, ఇంకో చేత్తో ఇనప ముక్క పట్టుకుంటే మాస్కు పట్టడానికి మూడో చెయ్యి ఎక్కడిది? కళ్లు గట్టిగా మూసుకుని ఒక్కొక్క టాకు వేసింది. పని అయ్యేదాకా ఏమీ తెలియలేదు. అర్ధరాత్రి లేచి కూర్చుని, కళ్లల్లో ఇసుక పోసినట్టుందని ఏడ్చింది. కళ్లు తెరవలేదు, దీపం చూడలేదు. ఇంట్లోవాళ్లు బంగాళాదుంప ముక్కలు పెట్టారు. పక్కింటి బాలింతను పాలు అడిగారు. తెల్లారి డాక్టరు చూసి, వెల్డింగ్ వెలుగులోని అతినీలలోహిత కిరణాలు కంటి పైపొరను కాల్చాయని చెప్పి మందు ఇచ్చారు. రెండు రోజుల్లో తగ్గింది. అదృష్టం బాగుంది.

ఈ మంట అప్పుడే తెలియదు. చాలామందికి ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత, నిద్రలో ఉండగా మొదలవుతుంది. అందుకే పగలు చేసిన పనికీ, రాత్రి నొప్పికీ సంబంధం ఉందని తోచదు. ఒక్కొక్క టాకు ఒక్క క్షణమే, కానీ రోజంతా పడిన క్షణాలు కలిసిపోతాయి. పొదుపు లెక్క లాంటిదే, కాకపోతే ఇక్కడ కూడేది దెబ్బ. ఇలా జరిగితే చిట్కా వైద్యాలు వద్దు. చనుబాలు, ఆకుపసర్లు కంట్లో పోస్తే చీము పట్టే ప్రమాదం ఉంది. కళ్లు నలపకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఇక ఆటో హెల్మెట్ సంగతి. దాని అద్దం మామూలుగా లేత ఆకుపచ్చగానో నీలంగానో ఉంటుంది, పని కనబడుతుంది. రాడ్డు అంటుకోగానే ముందున్న సెన్సార్లు వెలుగును పసిగడతాయి, అద్దం సెకనులో వేల వంతు కంటే తక్కువ సమయంలో నల్లబడుతుంది. ఆర్పగానే మళ్లీ తేటబడుతుంది. మాస్కు ముందే దించుకుని, రెండు చేతులతో పని పట్టుకోవచ్చు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అందుకే ఇది బాగా పనికొస్తుంది.

ఒక మాట చాలామందికి తెలియదు. నల్లబడటం వల్ల ఆగేది కళ్లు జిగేలుమనిపించే వెలుగు. కంటిని కాల్చే కిరణాలను ఆపే పొర వేరే ఉంటుంది. ప్రమాణం ప్రకారం చేసిన అద్దంలో అది తేటగా ఉన్నప్పుడూ, బ్యాటరీ అయిపోయినప్పుడూ పని చేస్తూనే ఉంటుంది. ప్రమాణం లేని అద్దంలో ఆ పొర ఉందో లేదో మన కంటితో చూసి చెప్పలేం. కాబట్టి కొట్లో మొదట చూడాల్సింది రంగులూ బొమ్మలూ కాదు, ముద్ర. అద్దం మీద ఇ.ఎన్. 379 అని గానీ, హెల్మెట్ మీద జెడ్ 87.1 అని గానీ ఉండాలి. ఏ ముద్రా లేకపోతే ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

రెండోది షేడ్. అద్దం మీద 4/9-13 అని ఉంటే, తేటగా ఉన్నప్పుడు షేడ్ 4 అనీ, నల్లబడినప్పుడు 9 నుంచి 13 దాకా మనం తిప్పుకోవచ్చనీ అర్థం. మనం వాడే రెండున్నర మిల్లీమీటర్ల రాడ్డుకు 10, అంతకంటే లావు రాడ్డుకు 10 లేదా 11 సరిపోతుంది. వెలుగు గుచ్చుకుంటే ఒక అంకె పెంచాలి, కరిగిన ఇనుము కనబడకపోతే ఒకటి తగ్గించాలి. పక్కనే 1/1/1/2 లాంటి నాలుగు అంకెలుంటాయి. అవి అద్దం ఎంత స్పష్టంగా చూపిస్తుందో చెప్పేవి. ఒకటి మేలైనది, మూడు తక్కువరకం. మన పనికి అన్నీ ఒకట్లే కావాలని లేదు, మూళ్లు మాత్రం లేకుండా చూసుకోండి.

మూడోది సెన్సార్లు. బల్ల మీద స్టాండ్లు చేసేవాళ్లకు రెండు చాలు. గేట్లు, మూలలు అతికేటప్పుడు పైపో చెయ్యో సెన్సారుకు అడ్డం వస్తే అద్దం నల్లబడదు. అలాంటి పని ఉంటే నాలుగు సెన్సార్లున్నది తీసుకోవాలి.

నాలుగోది బ్యాటరీ. సోలార్ అని రాసి ఉన్నవాటిలో కూడా చాలావాటికి లోపల బ్యాటరీ ఉంటుంది. దాన్ని మార్చే వీలు లేకపోతే, అది అయిపోయిన రోజున అద్దం మొత్తం పారేయాలి. అప్పుడప్పుడు వాడే మనకు బిళ్ల బ్యాటరీ మార్చుకునే రకం మంచిది. పైన వేసే ప్లాస్టిక్ అద్దాలు విడిగా దొరుకుతాయా అని కూడా అడగండి. నిప్పురవ్వలు పడి అవి మసకబారుతాయి.

ఐదోది తల. ఇది మనకే తెలిసిన సంగతి. కొప్పు మీద పట్టీ నిలవదు, జడ కిందికి వేసుకుని పెట్టి చూడాలి. వెనక మర బిగించి, తల వంచి ఎత్తి చూడండి, జారకూడదు. అర కిలో బరువు మెడ మీద ఉంటుందని మరవద్దు. చత్వారం అద్దాలు పెట్టుకునేవాళ్లు అవి పెట్టుకునే ప్రయత్నించాలి.

ఇవి కాక, సెకనులో ముప్పై వేల వంతులో నల్లబడుతుంది, పెద్ద కిటికీ ఉంది అని ఎక్కువ ధర చెబుతారు. రోజంతా పని చేసేవాళ్లకు అవి సుఖం. మనకు ఇరవై ఐదు వేల వంతుదీ చాలు. గ్రైండింగ్ మీట ఉంటే మంచిదే, అయితే వెల్డింగ్ మొదలుపెట్టేముందు దాన్ని వెనక్కి తిప్పడం మరిచిపోతే అద్దం నల్లబడదు.

కొట్లో పరీక్ష చేయొచ్చు. హెల్మెట్ చేత్తో దూరంగా పట్టుకుని, అద్దాన్ని ఎండ వైపు తిప్పితే నల్లబడాలి. అందులోంచి సూర్యుణ్ని మాత్రం చూడొద్దు. ఈ పరీక్ష సెన్సారు పని చేస్తోందని చెబుతుంది గానీ, కిరణాలను ఆపుతుందని చెప్పదు. దానికి ముద్రే సాక్ష్యం. నెలల తరబడి పెట్టెలో పెట్టి తీసినప్పుడు కూడా ఇలాగే చూసి పని మొదలుపెట్టండి. రేకుల కప్పు కింద వేడిలో దాచొద్దు.

డబ్బు కుదరదంటారా? షేడ్ 10 లేదా 11 నల్లద్దంతో తలకు పెట్టుకునే మామూలు మాస్కు కూడా కంటిని కాపాడుతుంది. దాన్ని దించి రాడ్డు అంటించడం అలవాటు కావాలి, అంతే. చలువ కళ్లద్దాలు, గ్యాస్ వెల్డింగ్ కళ్లద్దాలు మాత్రం దీనికి పనికిరావు. ఏ హెల్మెట్ అయినా పొగను ఆపదు. గాలి ఆడే చోట కూర్చోండి, జింకు పూత ఉన్న పైపుల పొగ పీల్చొద్దు. నైలాన్ చీర వద్దు, పైన నిండు చేతుల నూలు చొక్కా వేసుకోండి. వాకిట్లో చేస్తే చుట్టూ తెర కట్టండి. మెరుపు చూడ్డానికి పిల్లలు గుమిగూడతారు, వాళ్లకు మాస్కు ఉండదు.

చివరగా ఈ సభ ముందు ఒక తీర్మానం పెడుతున్నాం. ఇకమీదట వెల్డింగ్ యూనిట్ అప్పు దరఖాస్తులో హెల్మెట్, చేతి తొడుగులు, గ్రైండింగ్ కళ్లద్దాలు మొదటి వరుసలో ఉండాలి. ఆ వరుస కొట్టేసే అధికారం మా ఉపసంఘంతో సహా ఎవరికీ ఉండకూడదు. మేం కొట్టేసిన ఆ వరుసను ఆ సభ్యురాలి దరఖాస్తులో తిరిగి రాసి, డబ్బు ఇచ్చేశాం. ఆమె మళ్లీ పనిలో పడింది.

భోజనాల వేళ బల్ల మీద రెండు హెల్మెట్లు పెడుతున్నాం, ఒకటి ముద్ర ఉన్నది, ఒకటి లేనిది. ఏది ఏదో ముందు చెప్పం. చేతిలోకి తీసుకుని వెతకండి, తలకు పెట్టుకుని చూడండి. సెలవు.