పెరటిలోఁ గుప్పంటి పెంపకము

తుమ్మలపల్లె చేలలో వానలు పడఁగానే వేరుసెనగ సాళ్ల నడుమ మొలచి, కలుపుతోఁగూడఁ బెఱికివేయఁబడు నొక చిన్న మొక్క కలదు. దానికిఁ గుప్పంటి యని పేరు. బుడ్డబూసర యనియు నందురు. కాని యీ సీమలో బుడ్డలన్న వేరుసెనగయే స్ఫురించును గనుక కుప్పంటి యనుటయే మేలు. ఊఁదిన కాగితపు సంచివంటి తొడుగులో గుండ్రని పండుండును. దీని జాతిలోనే పెద్దపండ్ల రకము పెరూ దేశపుఁ గొండలలోఁ బుట్టి, 19వ శతాబ్దారంభమునకే దక్షిణాఫ్రికాలోని కేప్ సీమలో సాగై, నీలగిరులకును వచ్చినది.

పెరటికిఁ దగినది యీ పెద్దరకము. చల్లని సీమలలో నిది యేండ్ల తరబడి కాచును. ఇచ్చటి వేసవి సెగకుఁ బూవు రాలును. త్రాగునీటికే కటకటపడు దినములలో దానిని నిలుపఁజూచుట వృథా ప్రయాస.

మృగశిర కార్తెలోఁ బగిలిన కుండలో మన్నును, చివికిన పేడయెరువును నింపి, విత్తులు చల్లి, పావు అంగుళము మన్ను కప్పి నీడను బెట్టవలెను. రెండు వారములలో మొలచును. నెల దాఁటి బెత్తెడెత్తు పెరిగినపిదప మూఁడడుగుల యెడమున నాఁటవలెను. వంగ, మిరప, టమాట పెరిగిన మడి పనికిరాదు. అన్నియు నొకే కుటుంబమువి గనుక వాని తెగుళ్లు దీనికిఁ దగులును.

ఎరువు మిక్కిలి వేసినచో మొక్క యాకులతో బలియునేకాని కాయదు. బియ్యము కడిగిన నీరు చాలును; సబ్బునీరు పోయరాదు. పాదులో వేరుసెనగ పొట్టు పఱచినచోఁ దేమ నిలుచును. అక్షింతల పురుగు పట్టినచో నాకుల క్రింది పసుపు గ్రుడ్లను నలిపివేయవలెను.

ఇఁక ముఖ్యమైన మాట. పూవు కాయయై పండుటకు రెండు నెలలు పైఁబడును. తొడుగు గడ్డివన్నెకు వచ్చి, లోపలి పండు బంగారువన్నె తాల్చి, తనంతటఁ దాను నేల రాలిన పండునే తినవలెను. పచ్చికాయయు, ఆకును, తొడుగును విషము. వాంతులు, కడుపునొప్పి కలుగును. పిల్లలు తొందరపడి కోయుదురు గనుక తల్లులు కనిపెట్టి యుండవలెను. మఱియు బీళ్లలో మొలచు పెన్నేరునకును నిట్టి తొడుగే యుండును. దాని పండు బఠాణియంత, యెఱ్ఱనిది. పూవులు చిన్నవి, గుంపులుగఁ బూచును. కుప్పంటి పూవు కణుపున కొక్కటియే, పసుపువన్నెది. పెన్నేరు వేరు మందుకు వాడుదురుగాని పండు తినరాదు. ఈ భేదము పిల్లలకు మొక్కను జూపియే చెప్పవలెను.

రాలిన పండ్లను తొడుగుతోనే గంపలో నారినచోట నుంచినచో నెలకుఁ బైగా నిలుచును. మేలైన పండ్లు రెండు మూఁడు నీటిలోఁ బిసికి, అడుగునకు దిగిన విత్తులను నీడను ఆరబెట్టి, బూడిద కలిపి, మఱుసటి మృగశిరకు దాఁచుకొనవచ్చును.