కోడి మనది, కాటా ఎవరిది?



మొన్న సంత నాటి సాయంత్రం మా ఊరి చింతచెట్టు కింద కుర్రాళ్లం, ఆడపిల్లలం కలిసి మీటింగు పెట్టుకున్నాం. అక్కడ నేను మాట్లాడిందే ఇది. మిగతా ఊళ్లవాళ్లు కూడా చదువుతారని కొంచెం సరిచేసి పెడుతున్నాను. పోడు పట్టాల గురించి, జీవో 3 గురించి మాట్లాడుతుందని వచ్చినవాళ్లు నేను కోళ్ల గురించి మొదలుపెట్టేసరికి నవ్వారు. మీకూ నవ్వు వస్తే నవ్వండి. కానీ చివరిదాకా చదవండి.

ముందు నా తప్పు చెప్పుకుంటాను.

నేను డిగ్రీలో జువాలజీ చదివాను. ఒక పరీక్షలో కొక్కెర తెగులు గురించి ప్రశ్న వచ్చింది. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ ఊరి పేరు దానికి ఎలా వచ్చిందో, మన దేశంలో రాణిఖేత్ పేరు ఎలా వచ్చిందో కూడా రాశాను. మార్కులు బాగానే పడ్డాయి. ఆ వేసవిలోనే సెలవులకి ఇంటికొచ్చాను. మా అవ్వకి అప్పుడు పిల్లలతో కలిపి ఇరవై మూడు కోళ్లు. ఒకరోజు పొద్దున ఒక పెట్ట రెక్కలు వాల్చేసి మూల కూర్చుంది. మర్నాడు నాలుగు. ఆకుపచ్చగా, తెల్లగా పారుకోవడం, నోరు తెరిచి గాలి పీల్చుకోవడం, మెడ మెలితిరిగిపోవడం. నేను రాసిన జవాబు మా వాకిట్లో ఒక్కో లైనూ కళ్లకి కనిపిస్తోంది. నాకు తెలియలేదని చెప్పను. తెలిసింది. కానీ పుస్తకంలో ఉన్నది ఏదో పెద్ద ఫారాల్లో వచ్చే రోగం, మా ఇంట్లో ఉన్నది 'గాలి సోకడం' అని ఎక్కడో మనసులో ఉండిపోయింది. చదువుకున్న మన బుర్రల్లో ఈ గోడ ఒకటి ఉంది, చూసుకోండి.

అంతకన్నా పెద్ద తప్పు తర్వాత చేశాను. "చచ్చేలోపు అమ్మేస్తే నాలుగు రూపాయలైనా వస్తాయి" అని మా బాబాయి అన్నాడు. ఐదు కోళ్లని కాళ్లు కట్టి సంతకి పట్టుకెళ్లింది నేనే. అమ్ముడుపోయాయి కూడా. రెండు వారాలకి వాగు అవతలి ఊళ్లో కోళ్లు పోవడం మొదలైంది. నా వల్లే అని ఎవరూ అనలేదు. కానీ అక్కడ మా మేనత్త ఇల్లు ఉంది. ఆ కోళ్లని ఎవరు కొన్నారో నాకు తెలుసు.

మా అవ్వకి చివరికి నాలుగు మిగిలాయి. ఆ ఇరవై మూడు కోళ్ల మీద ఆమె ఎన్ని లెక్కలు పెట్టుకుందో అప్పుడు బయటపడింది. రెండు పుంజులు పండక్కి. మూడు పెట్టలు నా పీజీ ఎంట్రన్సు ఫీజుకి. ఒకటి చెల్లి హాస్టలుకి పెట్టె కొనడానికి. మిగతావి ఎవరికైనా జ్వరమొస్తే ఆటో ఖర్చుకి. మన ఇళ్లలో భూమి కాగితం మగవాళ్ల పేరు మీద ఉంటుంది. జీడిమామిడి డబ్బు, పసుపు డబ్బు మగవాళ్ల జేబులోకి వెళ్తుంది. కోడి ఒక్కటే, ఆడమనిషి ఎవరినీ అడక్కుండా అమ్ముకోగలిగేది. మా అవ్వకి బ్యాంకు పాసుపుస్తకం ఉంది. కానీ ఆమె బ్యాంకు ఆ వాకిట్లో తిరిగేది. నేను పీజీ చదవకపోవడానికి కోళ్లే కారణం అనను, ఇంకా చాలా ఉన్నాయి. ఫీజు గడువు మాత్రం ఆ వారమే దాటింది.

ఇప్పుడు ఇంకో సంగతి.

డిగ్రీ అయ్యాక ఆరు నెలలు మారేడుమిల్లి దారిలో ఒక బొంగులో చికెన్ బండి దగ్గర పనిచేశాను. ఏ బండి అన్నది వదిలెయ్యండి. పచ్చి బొంగు నరికి తేవడం, ముక్కలకి మసాలా పట్టించడం, బొంగులో కూరి ఆకుతో మూతి బిగించడం, నిప్పుల మీద తిప్పడం నా పని. కార్లలో వచ్చినవాళ్లు "ఇది మీ ట్రైబల్ కోడేనా అమ్మా?" అని అడిగేవాళ్లు. ఓనరు "అవునండీ, అంతా ఆర్గానిక్" అనేవాడు. నేను తల దించుకుని బొంగు తిప్పేదాన్ని. ఎందుకంటే పొద్దున ఆరింటికి కింద నుంచి ఘాటు ఎక్కి వచ్చిన వ్యానులోంచి ఆ తెల్లకోళ్లని దింపుకున్నది నేనే. బొంగు మన అడవిది, ఆకు మనది, కట్టెలు మనవి, కాల్చే చెయ్యి మనది, బోర్డు మీద రాసిన పేరు మనది. కోడి, డబ్బు మాత్రం ఆ వ్యానులో తిరుగుతున్నాయి.

ఒకరోజు కోపం వచ్చి అడిగేశాను, మా ఊరి నాటుకోళ్లు కొనొచ్చు కదా అని. ఆయన కోప్పడలేదు. "నాటుకోడి ఉడకడానికి చాలాసేపు పడుతుంది, గిరాకీ అంతసేపు ఆగదు. సరే, అడిగినవాళ్లకి వేరేగా ఎక్కువ రేటుకి అమ్ముదాం. నాకు వారానికి నలభై కోళ్లు కావాలి, ఏడాది పొడుగునా. మీ ఊరు ఇస్తుందా?" అన్నాడు. ఆ రాత్రి కూర్చుని ఇంటింటి లెక్క వేశాను. అరవై ఇళ్ల ఊరు మాది. ఇవ్వలేదు. నెలకి నలభై కూడా ఇవ్వలేదు.

ఎందుకివ్వలేదో అప్పటినుంచి ఆలోచిస్తున్నాను. మన పెట్ట ఏడాదికి మూడు నాలుగు విడతలు గుడ్లు పెడుతుంది, విడతకి పన్నెండో పదిహేనో. పొదిగించిన పదిలో ఎనిమిది పిల్లలవుతాయి, ఇరవై ఒక్క రోజులకి. అక్కడిదాకా మన కోడిని మించింది లేదు. పెట్టకి పొదగడం తెలుసు, పిల్లల్ని రెక్కల కింద దాచడం తెలుసు. తర్వాత గద్ద ఎత్తుకుపోతుంది, ముంగిస పట్టుకుపోతుంది, వాన దెబ్బకి రెండు పోతాయి, మిగిలినవి తెగులుకి పోతాయి. ఎనిమిదిలో చేతికొచ్చేవి రెండో మూడో. ఆ మూడుని ఆరు చేస్తే చాలు, కొత్తగా ఒక్క కోడి కొనకుండానే ఊరి మంద రెట్టింపవుతుంది.

దీనికి కావలసింది ఏదీ కింద నుంచి రానక్కర్లేదు, ఒక్క టీకా తప్ప.

పిల్లలకి మొదటి నెల గంప కావాలి. మా పక్క ఊళ్లో కొండరెడ్ల పెద్దాయన అల్లే గంప సంతలో ప్లాస్టిక్ బుట్టకన్నా ఎక్కువ రేటే, నిజమే. కానీ మూడేళ్లు వస్తుంది, గాలి ఆడుతుంది, విరిగితే ఆయనే మళ్లీ అల్లి ఇస్తాడు. నేను కొన్న ప్లాస్టిక్ బుట్ట ఎండకి పెళుసైపోయి ఆరు నెలల్లో పగిలింది. మేత అంటే నూకలు, చోళ్లు, సామలు, మన గడ్డిలో దొరికే పురుగులు. అవ్వలు చెదల కుండ పెట్టేవాళ్లు, గుర్తుందా? పాత కుండలో పేడ, ఎండుగడ్డి కుక్కి కాస్త తడిపి సాయంత్రం చెదలపుట్ట మీద బోర్లిస్తే, తెల్లారేసరికి కుండనిండా చెదలు. పిల్లలకి అంతకన్నా బలమైన తిండి ఏ ఫీడు బస్తాలోనూ లేదు. నేను డిగ్రీలో ప్రోటీన్ అని చదివింది అదే. బస్తా ఫీడు అప్పు తెచ్చి కొని, కోడి అమ్మి ఆ అప్పు తీర్చేవాళ్లని చూశాను. అది కోళ్ల పెంపకం కాదు, ఫీడు షాపుకి జీతం లేకుండా పనిచేయడం. కొడవలి, గొడ్డలి కూడా మన కమ్మరి దగ్గర చేయించుకుంటే అరిగినప్పుడు సాన పట్టి ఇస్తాడు. షాపువాడు ఇస్తాడా?

వనరాజా కోళ్ల గురించి కూడా అడిగారు. పేరు వనరాజా గానీ అది పుట్టింది హైదరాబాద్ రాజేంద్రనగర్ పరిశోధనా కేంద్రంలో. చెడ్డ కోడి కాదు, మన కోడికన్నా ఎక్కువ గుడ్లు పెడుతుంది, బరువు త్వరగా వస్తుంది. కానీ పొదగదు. పిల్లల కోసం ప్రతిసారీ స్కీము కోసం ఎదురుచూడాలి. ఇస్తే తీసుకోండి. మన నాటు పెట్టల్ని మాత్రం తీసెయ్యకండి. వనరాజా గుడ్డునైనా పొదిగేది మన పెట్టే.

అన్నట్టు మా అవ్వ ఒక మాట అంది: "ఆ తెల్లకోడిని పండక్కి ఎలా తెస్తారే? దేవత ముందు గింజ వేస్తే కోడి ఏరుకోవాలి. దానికి ఏరుకోవడం తెలుసా?" మీ ఊళ్లో పెద్దలు కూడా ఇదే అంటారు. భూమి పండక్కి నాటుకోడి దొరక్క రెట్టింపు రేటు పెట్టి దళారి దగ్గర కొనుక్కున్న ఇళ్లు ఈసారి మా ఊళ్లో నాలుగున్నాయి. అదే దళారి సంక్రాంతికి ముందు మన పుంజుల్ని చవగ్గా కొని కింద పందేలవాళ్లకి అమ్ముకున్నాడు.

ఇక కాటా సంగతి. ఇది మీరే సంతలో నిలబడి చూడండి. మన కోడిని దళారి చేత్తో ఎత్తి, రొమ్ము నొక్కి చూసి, "ఇంత" అంటాడు. కాటా వెయ్యడు. అదే సంతలో రెండడుగుల అవతల బ్రాయిలర్ కోడిని మనకి కాటా మీద, కిలో లెక్కన, ఈకలతో సహా అమ్ముతారు. మనం అమ్మేటప్పుడు కంటి లెక్క, మనం కొనేటప్పుడు కిలో లెక్క. చింతపండు, కొండచీపుర్ల దగ్గరా ఇదే కథ, తరతరాలుగా. ఇన్నేళ్లు చూసి కూడా నాకు తట్టలేదు. డిగ్రీ పాసైన మనమే సంతలో అవ్వ పక్కన నిలబడటానికి సిగ్గుపడి ఫోను చూసుకుంటూ దూరంగా ఉంటే ఇంకెవరికి తడుతుంది?

మా ఊళ్లో తలా పది రూపాయలు వేసుకుని కొక్కేనికి తగిలించే చిన్న కాటా ఒకటి కొన్నాం. సంతకి వెళ్లే ముందు ప్రతి కోడినీ ఇంటి దగ్గరే తూచి, కాలికి కట్టిన గుడ్డముక్క మీద బరువు రాస్తున్నాం. మొదటి వారం దళారులు కొనలేదు. మాలో ఇద్దరు మధ్యాహ్నానికి భయపడి పాత పద్ధతిలోనే అమ్మేశారు. వాళ్లని తప్పుపట్టను, ఇంటికి ఉప్పూ నూనే తీసుకెళ్లాలి కదా. రెండో వారం కింద నుంచి వచ్చిన ఒక హోటలు ఆయన కిలో లెక్కన కొన్నాడు. మూడో వారం దళారి కూడా కాటా చూపించమన్నాడు. ఇంకా గొడవ అయిపోలేదు. రేటు ఆయనే చెబుతున్నాడు. బరువు మాత్రం ఇప్పుడు మేం చెబుతున్నాం.

1996 పెసా చట్టంలో నాలుగో సెక్షను ఒకసారి చదవండి. షెడ్యూల్డు ప్రాంతంలో గ్రామ సంతల నిర్వహణ అధికారం గ్రామసభకి, పంచాయతీకి ఉండాలని అందులో ఉంది. గిరిజనులకి వడ్డీకి అప్పులిచ్చే వ్యాపారం మీద నియంత్రణ కూడా అక్కడే ఉంది. మన సంతలో ఆశీలు ఎవరు వసూలు చేస్తున్నారు? రసీదు ఇస్తున్నారా? ఆ డబ్బుతో తాగునీటి కుళాయి అయినా పెట్టారా? ఒక ఆడమనిషి రెండు కోళ్లతో వస్తే ఆశీలు, వ్యానుతో వచ్చినవాడికీ ఆశీలు, రెండింటికీ తేడా ఎంత? వచ్చే గ్రామసభలో ఈ ప్రశ్నలు కాగితం మీద రాసి ఇవ్వండి, తీర్మానం పుస్తకంలో ఎక్కించమని పట్టుబట్టండి. నోటితో అడిగిన ప్రశ్న మీటింగు అవగానే మాయమవుతుంది.

మాంసం సంగతి కూడా చెప్పాలి. మన ఊళ్లో మేకనో పందినో కోస్తే పోగులు వేసి, ఆకులో పెట్టి ఇంటింటికీ ఇచ్చేవాళ్లు. డబ్బు లేనివాళ్లు పంట వచ్చాక ఇచ్చేవాళ్లు. ఇప్పుడు ఆదివారమైతే కుర్రాళ్లు బైకు మీద పెట్రోలు పోసుకుని పద్దెనిమిది కిలోమీటర్లు వెళ్లి బ్రాయిలర్ తెస్తున్నారు. బ్రాయిలర్ తినొద్దని నేను అనను, చవగ్గా దొరుకుతుంది, నేనూ తింటాను. నెలలో ఒక్క ఆదివారం ఊళ్లోనే పోగు వేసుకుందాం అంటున్నాను. ఆ డబ్బు మేక పెంచిన ఇంటికే వెళ్తుంది.

చివరగా టీకా. పిల్లలకి ఐదు నుంచి ఏడు రోజుల్లోపు లసోటా చుక్క, కంట్లోనో ముక్కులోనో. ఎనిమిది వారాలు దాటాక ఆర్ టూ బి, రెక్క కింద చర్మంలోకి సూది. అంతకన్నా చిన్న పిల్లలకి ఈ సూది వేయించకండి. జబ్బుగా ఉన్న కోడికీ వద్దు. వారం ముందు నులిపురుగుల మందు తాగిస్తే మంచిది. కోడికి పడే ఖర్చు కొద్ది రూపాయలే. మరి మన ఊళ్లలో ఎందుకు జరగడం లేదంటే, సీసాలో వంద, రెండు వందల కోళ్లకి సరిపడా మందు ఉంటుంది. చల్లగా తేవాలి, కలిపాక రెండు గంటల్లోపు వాడెయ్యాలి. మా అవ్వ నాలుగు కోళ్ల కోసం డాక్టరు సీసా విప్పడు. ఊరంతా ఒకేరోజు, ఒకే గంటలో కోళ్లని పట్టుకుంటేనే ఆ సీసాకి లెక్క కుదురుతుంది. ఒక ఇల్లు మానేస్తే తెగులు ఆ ఇంట్లోంచే మొదలవుతుంది.

ఇప్పటికే తెగులు కనబడితే సంతకి పట్టుకెళ్లకండి. నేను చేసిన పని చెయ్యకండి. చచ్చినవాటిని వాగులో పారెయ్యకుండా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చండి. ఒక్కసారిగా చాలా పోతే ముట్టుకోకుండా పశువుల డాక్టరుకి చెప్పండి, అది బర్డ్ ఫ్లూ కూడా కావొచ్చు.

మా ఊళ్లో వచ్చే ఆదివారం వేస్తున్నాం. వాగు అవతలి ఊరికి నేనే వెళ్లి చెప్పాను. మా మేనత్త ముందు మాట్లాడలేదు. తర్వాత "నావి తొమ్మిదున్నాయి, పట్టుకునేవాళ్లు లేరు" అంది. ఇద్దరు తమ్ముళ్లు శనివారం రాత్రే అక్కడికి వెళ్లి పడుకుంటున్నారు. ఫ్లాస్కులో ఐసు నేను తెస్తాను. ఆదివారం తెల్లారి ఐదు గంటలకి, డాక్టరు వచ్చేదాకా ఎవరూ గూడు తలుపు తియ్యొద్దు.

జై ఆదివాసీ.