టీవీ పాఠం, పత్తిచేను లెక్క
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కరీంనగర్‌లో ఈ బడిలోనే చదువుకుని, ఆదిలాబాద్ జిల్లాలో లెక్కల సారుగా పనిచేస్తున్నాను. కరోనా కాలపు చదువుల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు.

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానెళ్లలో పాఠాలు మొదలయ్యాయి. ఎవరింట్లో టీవీ ఉంది, ఎవరికి స్మార్ట్‌ఫోన్ ఉంది అని ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నాం. రెండూ లేనివాళ్లను పక్కింటికో, గ్రామ పంచాయతీకో జతచేశాం. గూడేలలో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి. ఇంట్లో గోండి మాట్లాడే పిల్లలకు టీవీ తెలుగు ఆ వేగంలో అందేది కాదు; ఆపి మళ్లీ చెప్పమనే వీలూ లేదు.

అయినా మా తరగతిలో టీవీ ఉన్న పిల్లలే ముందు జారిపోయారు. ఎందుకో తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు చెప్పాడు: “టీవీల సారు నన్నేం అడుగుతలేడు గద సార్. నేనున్నా లేకున్నా చెప్పుకుంట పోతడు.” చిన్నపిల్లలనైతే అమ్మ కూర్చోబెడుతుంది. పద్నాలుగేళ్లవాణ్ణి ఎవరు కూర్చోబెడతారు? పైగా పత్తి ఏరుడు మొదలైంది. కూలి డబ్బులు చేతికొస్తుంటే బీజగణితం ఎవరిక్కావాలి?

అందుకని ప్రశ్నలను చేను దగ్గరికే పంపాను. కిలోకు ఇంత కూలి, రోజుకు ఇన్ని కిలోలు, ముందుగా తీసుకున్న బాకీ ఇంత; చేతికొచ్చేదెంతో సమీకరణం రాయండి అని వాట్సాప్‌లో వాయిస్ పెట్టేవాణ్ణి. ఫోన్ లేనివాళ్లకు కాగితాలు కిరాణా దుకాణంలో ఉంచేవాణ్ణి. రాత్రి ఎనిమిది దాటాక ఒక్కొక్కరికి ఫోన్ చేసి “నీ జవాబు చదువు” అనేవాణ్ణి. అయిదు నిమిషాలే. (మా ఇంట్లో నా అన్నం రోజూ చల్లారేది, అది వేరే సంగతి.) ఒకమ్మాయి తమ వాడలో ఆరిళ్ల కూలి లెక్కలు నోట్‌బుక్‌లో రాసి ఫొటో పంపింది. రెండిళ్లకు తక్కువ ముట్టిందని తేల్చింది. వాళ్లు పోయి అడిగి తెచ్చుకున్నారు. ఆ వారం నుంచి వాళ్లమ్మే ఫోన్‌కు ఛార్జింగ్ పెట్టి సిద్ధంగా ఉంచేది.

2021 ఫిబ్రవరి 1న 9, 10 తరగతులు తెరిచారు. మా తొమ్మిదో తరగతిలో ఇద్దరు రాలేదు. ఒకడు ట్రాక్టర్ పనికి కుదిరాడు, ఒకమ్మాయికి పెళ్లి చేశారు. ఆ ఇద్దరికీ నా ఫోన్ ఏ రాత్రీ కలవలేదు.

ఇప్పుడు బడులు నడుస్తూనే ఉన్నాయి గానీ, పత్తి రోజుల్లో హాజరు ఇప్పటికీ పలచబడుతుంది. మన సంఘం ట్యాబులు కొనిద్దామనుకుంటోందని విన్నాను. కొనండి, వద్దనను. దాంతోపాటు అక్టోబర్ నుంచి జనవరి దాకా, వారానికో రాత్రి ఒక్క పిల్లవాడికి ఫోన్ చేసి జవాబు వినేవాళ్లు నలభై మంది కావాలి. తల్లిదండ్రులు ఒప్పుకున్న పిల్లల జాబితా నా దగ్గరుంది. పేరు ఇచ్చేవాళ్లు భోజనాల దగ్గర నన్ను కలవండి.