మణికట్టు బెణుకే కదా అని వదిలేయకండి
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వైద్యుణ్ణి కాను, ఫైళ్లు చూసిన గుమస్తాను. మా మేనల్లుడి చెయ్యి వల్ల తెలుసుకున్న నాలుగు మాటలు మీ ఇళ్లకూ పనికొస్తాయని చెబుతున్నాను.

మన మణికట్టులో 8 చిన్న ఎముకలున్నాయి. నడుమ నెలవంకలా ఉండేదాన్ని లూనేట్ అంటారు. ఎత్తు నుంచి పడుతూ అరచెయ్యి ఆనిస్తే లిగమెంట్లు తెగి, చుట్టుపక్కల ఎముకలు జారిపోతాయి. ఒక్కోసారి లూనేటే అరచేతి వైపు ఊడి వస్తుంది. మన వయసువాళ్లు జారిపడితే ఎక్కువగా విరిగేది ముంజేతి ఎముక. ఈ కీలు జారడం మాత్రం మోటారు సైకిలు మీది నుంచో, చెట్టు మీది నుంచో పడిన పడుచువాళ్లలో ఎక్కువ. అంటే మన కొడుకులు, మనవళ్లు.

అరుదైనది కనుకనే కంటికి ఆనదు. 1993లో ఫ్రాన్సు వైద్యుడు హెర్జ్‌బర్గ్, ఆయన సహచరులు 166 కేసులు పరిశీలిస్తే, నాలుగింట ఒకటి మొదట దాటిపోయినట్టు తేలింది. ఎదురుగా తీసిన ఎక్స్‌రేలో ఎముకలు ఒకదానిమీద ఒకటి పడి తేడా తెలియకపోవచ్చు. పక్క నుంచి తీస్తే లూనేట్ ఒలికిన టీ కప్పులా ఒరిగి కనబడుతుంది. ఫైళ్ల కట్ట కూడా అంతే. పైనుంచి చూస్తే సరిగానే ఉంటుంది, ఏది జారిందో పక్క నుంచి చూస్తేనే తెలుస్తుంది.

మావాడు మైపాడు దగ్గర పడవ మీది నుంచి పడ్డాడు. ఒకచోట ఎదురు ఫిల్ము ఒక్కటే చూసి బెణుకన్నారు. ఇంట్లోవాళ్లు నూనె రాసి కట్టు కట్టించారు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కాయి. అది నరం నలుగుతున్న గుర్తు. మూడోవారంలో పక్క ఫిల్ము తీశాక గాని సంగతి బయటపడలేదు. ఆపరేషనుతో చెయ్యి దక్కింది గాని, వల లాగే పాత పట్టు రాలేదు.

వెంటనే గుర్తిస్తే మత్తిచ్చి ఎముకలను గూట్లోకి సర్దుతారు. నరం మీద ఒత్తిడి తగ్గుతుంది. కొద్దిరోజుల్లో ఆపరేషను చేసి, లిగమెంట్లు కుట్టి, సన్నని తీగలు గుచ్చి, సుమారు రెండు నెలలు కదలకుండా ఉంచుతారు. తరువాత వ్యాయామం. నెలల తరబడి ఆలస్యమైతే కొన్ని ఎముకలు తీసేయడమో, కీలు కదలకుండా అతికించడమో చేయవలసి రావచ్చు.

మనవాళ్లకు పుత్తూరు కట్టు మీద గురి. దాన్ని నేను తక్కువ చేయను. అయితే ఏ కట్టుకైనా ముందు రెండు వైపులా ఎక్స్‌రే తీయించండి. వాపు ఉండి వేళ్లు ముడుచుకోకపోయినా, తిమ్మిరెక్కినా ఆ రోజే ఎముకల డాక్టరుకు చూపించండి. బెణుకన్నది వారంలో తగ్గకుంటే మళ్లీ వెళ్లండి. “పక్క ఫిల్ము తీశారా అయ్యా?” అని అడగడానికి మొహమాటపడకండి.