ఏటి అవతలి దీవి
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి చూస్తున్నాను. మనవాళ్లు కలవగానే అడిగే మొదటి ప్రశ్న "షుగర్ ఎంత ఉంది?" అని. రెండోది "ఎక్కడెక్కడ తిరిగొచ్చావు?" అని. మన మిత్రుడొకరి అబ్బాయి బాలి దీవిలో నెల రోజులు ఉన్నాడట. చిన్న గది అద్దెకు తీసుకుని, వీధి హోటళ్లలో తిని, పొద్దున్నే అలల మీద సర్ఫింగ్ నేర్చుకున్నాడట. హడావిడి లేకుండా ఒక్కచోటే ఉన్నాను కాబట్టే ఖర్చు తగ్గిందన్నాడట. ఆ మాట నాకు నచ్చింది. అయితే అలాంటి ప్రయాణానికి విమానమే ఎక్కక్కర్లేదు. రేపల్లె దాటి ఏరు దాటితే మనకూ ఒక దీవి ఉంది. అదే దివిసీమ.

కృష్ణమ్మ పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలుతుంది. ఆ రెండు పాయలకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న నేల అది. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు అక్కడివే.

నేను మొదటిసారి కారులో వెళ్లాను. హంసలదీవిలో వేణుగోపాలస్వామి దర్శనం, పాలకాయతిప్ప బీచిలో నాలుగు ఫొటోలు, రాత్రి భోజనానికి ఇంటికి. ఏం చూశారని మనవరాలు అడిగితే "సముద్రం" అన్నాను. సముద్రం బాపట్ల దగ్గర సూర్యలంకలోనూ ఉందిగా తాతయ్యా అంది. నిజమే కదా!

అందుకని రెండోసారి, నేనూ మా ఆవిడా నిదానంగా వెళ్లాం. నిడుబ్రోలులో రైలెక్కి తెనాలిలో దిగి, రేపల్లె బండి పట్టుకున్నాం. ఆ లైనులో బళ్లు తక్కువ, వేళ చూసుకోవాలి. వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె. అక్కడి నుంచి పల్లెవెలుగు బస్సులో పెనుమూడి వంతెన దాటాం. 2025 ఆగస్టు 15 నుంచి ఈ బస్సుల్లో మన రాష్ట్ర ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాబట్టి, మా ఆవిడ నన్ను చూసి నవ్వుతూనే ఉంది.

అవనిగడ్డలో మామూలు లాడ్జిలో రెండు రాత్రులున్నాం. మెస్సులో భోజనం, ఊళ్ల మధ్య బస్సో, షేర్ ఆటోనో. మూడు రోజులకు ఇద్దరికీ కలిపి నాలుగు వేలు దాటలేదు. ఒకరోజు నాగాయలంక రేవులో కూర్చుని, వేట నుంచి వచ్చే పడవల్ని చూశాం. మర్నాడు ఏటిమొగ దగ్గర పంటెక్కి ఎదురుమొండి వెళ్లాం. మనుషులూ మోటారు సైకిళ్లూ అన్నీ దాని మీదే. అక్కడివాళ్లకు అది సరదా కాదు. బడికీ ఆసుపత్రికీ సంతకూ అదే దారి. పంటు కోసం గంటసేపు ఎదురుచూస్తే గాని నాకా సంగతి తలకెక్కలేదు.

ఆ గంటలోనే టీ కొట్టు దగ్గర ఒక పెద్దావిడ మాట కలిపింది. "నీ వయసెంతమ్మా?" అంటే "ఉప్పెన నాటికి చంకలో పిల్ల ఉంది నాయనా" అంది. పిల్ల సంగతి ఆవిడ చెప్పలేదు, మేం అడగలేదు. ఆ దీవిలో పెద్దవాళ్లు కాలాన్ని అలాగే లెక్కపెడతారు, ఉప్పెనకు ముందు, ఉప్పెనకు తర్వాత అని. 1977 నవంబరు 19, శనివారం. సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది. వేల మంది పోయారు. మనలో చాలామందికి ఆ రోజు పొన్నూరులో వీచిన గాలి గుర్తుంది. ఏటి అవతల ఏం జరిగిందో పేపర్లలో చదివాం. యాభై ఏళ్లు కావస్తున్నా, వెళ్లి వాళ్ల పక్కన కూర్చున్నది ఎంతమందిమి?

నిదానంగా తిరగమనడం డబ్బు మిగుల్చుకోవడానికే కాదు. కారులో వెళ్లిన రోజు భోజనం కూడా ఇంటి నుంచే కట్టుకెళ్లాం, ఆ ఊళ్లకు మేం మిగిల్చింది విస్తరాకులూ ప్లాస్టిక్ సీసాలూను. రెండోసారి పెట్టిన ప్రతి రూపాయీ అక్కడి మెస్సుకూ టీ కొట్టుకూ ఆటో అబ్బాయికీ చేరింది.

వెళ్లేవారికి రెండు మాటలు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం కబురుంటే కదలకండి. సంగమం దగ్గర ఏటి నీరూ సముద్రపు పోటూ కలిసేచోట లాగుడు ఎటుంటుందో తెలియదు. అక్కడి అలలు చూడటానికే, ఆడటానికి కాదు. ఇక మడ అడవులు కనిపిస్తే బురద చెట్లని తీసిపారేయకండి. అల జోరును విరిచేవి ఆ వేళ్లే.

చివరగా మన సంఘానికి ఒక విన్నపం. ఏటా మన బడి పిల్లల్ని ఒక్కరోజు పిక్నిక్‌కి తీసుకెళుతున్నాం. ఈ ఏడాది రెండు రాత్రులు దివిసీమలో ఉంచుదాం. ఖర్చు మనం పంచుకుందాం. ఒక్కో పిల్లవాడు ఒక్కో పెద్దమనిషి పక్కన కూర్చుని, ఆ రాత్రి సంగతి విని, నోటు పుస్తకంలో రాసుకు రావాలి. ఉప్పెన నాటికి పదేళ్లున్నవాళ్లు ఇప్పుడు అరవైకి దగ్గరపడ్డారు. అప్పటికే పెద్దవాళ్లయిన వారు ఎందరో వెళ్లిపోయారు. దీవి ఎక్కడికీ పోదు గానీ, చెప్పేవాళ్లు ఉండరు.